తెలిసిందా అని అడగని మా నాయన

మొన్న పొద్దున, బంగారు గనుల ఊరు కోరమండల్‌లో గని కూలీలకు కట్టిన మా లైను ఇంట్లో, మనవరాలు ల్యాప్‌టాప్ ముందర కూచోని ఎక్కడెక్కడి పిల్లలకో భాగహారం చెప్తా ఉంటే, నేను గడపలో అనపకాయలు ఒలుస్తూ చెవి అటే వేసినాను. బాగానే చెప్పింది, నా మనవరాలు కదా! చివర్లో మాత్రం తెలిసిందా అని అడిగింది. అడిగిందే తడవు, తెర మీద బొటనవేళ్ల బొమ్మలు వరసగా లేచినాయి. అయ్యో తల్లీ, నేను పడిన గుంతలోనే నువ్వూ పడితివే అనుకున్నాను.

నేను బడిలో టీచరుగా కొత్తగా చేరిన ఏడు, బోర్డు మీద భాగహారం గడగడా చేసేసి తెలిసిందా అంటే, ఐదో తరగతి మొత్తం తెలిసింది మిస్ అని కప్పు ఎగిరిపోయేట్టు అరిచేది. అందరికంటే గట్టిగా అరిచేది టేకల్ నుంచి వచ్చి అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకునే ఒక పిల్ల. నేను మురిసిపోయేదాన్ని, పిచ్చిమొహాన్ని! తీరా పరీక్ష పెడితే ఒక్కరికీ లెక్క రాలేదు, ఆ పిల్ల కాగితంలో పేరు తప్ప ఇంగేమీ లేదు. అర్ధసంవత్సరం పరీక్షలోనూ ఇట్లాగే అయితే వేరే వాళ్లను చూసుకుంటామని పెద్ద మేడమ్ మెత్తగానే చెప్పేసింది. గని దుమ్ముకు మా నాయనకు అప్పటికే ఆయాసం పట్టుకొని ఉండింది. నా పని నిలబడితే ఆయన గనిలోకి దిగడం మానేయొచ్చని ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకొని ఉంటిమి.

ఆ సాయంత్రం ఏడుస్తా చెప్పుకున్నాను. విని నాయన అన్నాడు:

"గని లోపల మేము ఎవర్నీ తెలిసిందా అని అడగమమ్మా. తెలీకపోయినా భయానికి తెలిసిందనే అంటారు. నేను పని నేర్పిన ఒకడు అట్లనే అన్నాడు, నేను నమ్మినాను. వాడింగ పైకి రాలేదు."

ఆ సంగతి అమ్మకు కూడా అంతవరకూ చెప్పలేదట. పొయ్యి దగ్గరి ఇనప ఊదుగొట్టం తీసుకొని, గనిలో పైరాయి కూలుతుందేమోనని కడ్డీతో తట్టి చూడడం కొత్తవాడికి ఎట్లా నేర్పుతారో నాకు నేర్పినాడు. మొదట తానే గోడను తడుతూ, కాళ్లు యాడ పెట్టాల, గట్టి రాయి ఎట్లా పలుకుతుంది, డొల్ల రాయి ఎట్లా పలుకుతుంది అని మనసులోదంతా పైకి చెప్పినాడు. తర్వాత నా చేతి మీద చెయ్యి వేసి ఇద్దరం కలిసి తట్టినాము. ఆఖర్న గొట్టం నాకిచ్చేసి నోరు మూసుకొని వెనక నిలబడినాడు. ఒక చెయ్యి మాత్రం నా వీపు వెనకాలే, తగలకుండా ఉంచినాడు. రాయి కదిలితే చొక్కా పట్టి లాగడానికి అంట.

మరునాటి నుంచి బడిలో నేనూ అంతే. నేను చేసి చూపేది, అందరం కలిసి చేసేది, తర్వాత ఎవరి పలక మీద వాళ్లు. ఉమ్ముతో తుడిచిన ఆ పలకల వాసన నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది! టేకల్ పిల్ల ప్రతిసారీ అంకె కిందికి దించే దగ్గరే ఆగిపోయేది. ఎందుకు దించాలో నేను ఏనాడూ నోరు తెరిచి చెప్పి ఉండలేదు మరి, తప్పు నాదే. చెప్పినాను, కలిసి చేసినాను, ఆ పిల్ల వీపు వెనక చెయ్యి ఉంచి నిలబడినాను. ఒకరోజు లెక్క పూర్తి చేసి, అంత అరిచే పిల్ల ఒక్క మాటా అనకుండా పలక నా వైపు తిప్పింది. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు.

అర్ధసంవత్సరం పరీక్ష పిల్లలు గట్టెక్కినారు, నా పని నిలిచింది. నాయన తన టోపీ దీపం గనిలో అప్పగించేసి ఇంటికి వచ్చినాడు.

ఇదంతా చెప్పినాక మనవరాలు ఇప్పుడు తెలిసిందా అని అడగడం లేదు. పిల్లలే లెక్క చేసి పుస్తకం కెమెరాకు చూపిస్తారు. నిన్న శ్రీనివాసపురం పిల్ల ఒకతె సగంలో ఆగిపోయి తలొంచుకుంది. మనవరాలి చెయ్యి తనకు తెలీకుండానే తెర దాకా పోయి, అక్కడే ఆగింది. వెనక నిలబడడానికి ఆ తెరలో చోటు యాడుంది? గని మూతపడింది, నాయనా పోయినాడు. నా వీపు వెనక ఆ చెయ్యి మాత్రం ఈ వయసులోనూ ఉన్నట్టే ఉంటుంది.