మగ్గం కర్ర మీద మోపిన నేరం

బెంగళూరు ఆస్పత్రిలో నాలుగో కీమో ఎక్కించుకుని రైల్లో వస్తున్నాను. హిందూపురం దాటాక ఫోను మోగింది. జబ్బు ఎముకలకు పాకి రెండు నెలలుగా మంచంలో ఉన్న మా ఎదురింటి వదిన పోయిందన్నారు. పెనుకొండ వచ్చేదాకా ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ధర్మవరంలో దిగి నేరుగా వాళ్లింటికే వెళ్లాను.

రొమ్ములో గడ్డ తగిలినప్పుడు వదిన ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. పొద్దస్తమానం మగ్గం మీద వంగి నేసే మనిషి. ముందున్న కర్ర ఒత్తుకుని గడ్డ కట్టిందిలే అనుకుని ఆముదం రాసుకుంది. మా వీధిలో ఎవరైనా అదే అనుకుంటారు, నేనైనా అంతే. ఆ తప్పును ఆమె దాచుకోలేదు. ఆపరేషన్ అయ్యాక ఇల్లిల్లూ తిరిగి, తలుపు మూసి, కుట్లు చూపించి మరీ చెప్పేది. "కర్రను తిట్టుకుంటా కూచుంటి. అది ఏం జేసిందే పాపం!"

నాకు నేర్పింది కూడా ఆమే. "పట్టులో ముడి ఉంటే కండ్లకంటే ముందు వేళ్లకే గదా తెలిసేది? అట్ల తడుముకో. ఏమన్నా తగిలితే నా మాదిరి ఆలోచిస్తా కూచోవద్దు, డాక్టరు దగ్గరికి పో." అలా తడుముకున్నందుకే నా గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికింది.

నా ఆపరేషన్ అయిన కొత్తలో పెనుకొండలో క్యాన్సర్ అవగాహన సభకు మా ఇద్దరినీ పిలిచి గులాబీ రిబ్బన్లు గుచ్చారు. మైకులో అందరూ "ఆ భాగం, ఆ భాగం" అంటుంటే వదిన లేచింది. "రొమ్ము అనండప్పా. పేరు చెప్పేకే సిగ్గయితే ఆడోళ్లు చూపిచ్చుకునేదెప్పుడు?" అంది. ఎవరో ఆమెను పోరాట యోధురాలన్నారు. తిరుగు బస్సులో రిబ్బను పీకేసి, "పోరాటమూ లేదు, ఏమీ లేదు. ఆస్పత్రి లైన్లో కూచుంటాండాం, అంతే" అని నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నన్ను ఏ సభా అంతగా ఓదార్చలేదు.

ఆమె దినం నాటికి నేను తేల్చేసుకున్నాను, మిగిలిన రెండు కీమోలకు పోకూడదని. అంత చేసిన మనిషే దక్కలేదు, ఇంక నాకెందుకీ తిప్పలు? ఆ మధ్యాహ్నం వదిన కోడలు నన్ను మగ్గం గదిలోకి పిలిచి తలుపేసింది. నా చెయ్యి తీసుకుని రవిక మీద పెట్టుకుంది. "అత్తా, ఈడ ఏందో ఉన్నెట్టుండాది. కర్ర తగిలిందేమో... నువ్వు చూడు."

చూశాను. ఏమీ తెలియలేదు. కీమోతో నా వేళ్లు మొద్దుబారి నెలవుతోంది, పట్టుకూ గోనెకూ తేడా తెలియడం లేదు. వదిన నేర్పిన వేళ్లు అవి. అప్పుడు ఏడ్చాను.

"నా వేళ్లకు తెలీదమ్మీ. పద, నేనూ పోవాల్సిందే. ఇద్దరం కలిసే పోదాం" అన్నాను.

ఇప్పుడు ఆస్పత్రి బల్ల మీద ఇద్దరం లైన్లో కూర్చుని ఉన్నాం. ఆ పిల్లను ఇంకా లోపలికి పిలవలేదు. నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో నాకు తెలియడం లేదు. తెల్లబడిన ఆమె వేళ్లను చూసి తెలుసుకుంటున్నాను.