కింది మంచం రూలు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, చలికాలం మొదట్లో నన్ను సౌదీలోని దమ్మామ్‌లో క్యాంప్ బాస్‌గా వేశారు. అంతకుముందు చాలా ఏళ్లు అదే కంపెనీలో స్కాఫోల్డింగ్ పని చేశాను. పెద్ద పెద్ద ట్యాంకుల చుట్టూ, గోడల చుట్టూ ఇనుప పైపులతో మంచెలు కడతారు కదా, ఆ పని. మోకాళ్లు మొరాయించాక పైకెక్కడం మాన్పించి, క్యాంపు చూసుకొమ్మన్నారు.

క్యాంప్ బాస్ అంటే పేరే పెద్దది. ఆఫీసులో మేనేజరు, ఆయన కింద అడ్మిన్ సారు, ఆయన కింద మేము. పనివాళ్లు పడుకునే గదులు, నీళ్లు, మెస్సు, ఏసీలు, కొట్లాటలు, అన్నీ మా మీదే. చదివింది ఐదో తరగతే అయినా ఏ గదిలో ఏ మంచం మీద ఎవరున్నారో, ఎప్పటినుంచి ఉన్నారో నాకు నోటికి వచ్చేది. ఈ ఉద్యోగంలో ముఖ్యమైన విద్య అదే.

బయటివాళ్లకు తెలియదు గానీ క్యాంపులో మంచం చిన్న విషయం కాదు. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలుంటాయి. కొత్తగా వచ్చినవాడికి పై మంచం ఇస్తారు. లైటు కళ్లలో పడుతుంది, ఏసీ గాలి తిన్నగా ముఖానికి కొడుతుంది, రాత్రి లేవాలంటే నిచ్చెన దిగాలి. కింది మంచం దొరికినవాడు చుట్టూ దుప్పటి కట్టుకుంటాడు. ఆ దుప్పటి లోపల ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు, ఒక్కడే కూర్చోవచ్చు, ఏడవాలనిపిస్తే ఏడవచ్చు. అందుకే గదిలో కింది మంచం ఖాళీ అయితే, ఆ గదిలో అందరికన్నా ముందు వచ్చినవాడికి ఇవ్వాలి. ఈ వరుస తప్పితే క్యాంపు చెడుతుంది.

ఇక ఆట సంగతి. మా రోడ్డు మీద నాలుగు కంపెనీల క్యాంపులున్నాయి. చలికాలం శుక్రవారాల్లో, కంపెనీల అనుమతితో, మా కాంపౌండు గోడ లోపలే కబడ్డీ పోటీలు పెట్టుకునేవాళ్లం. ఇసుకను జల్లించి రాళ్లు ఏరి, ట్యాంకరుతో నీళ్లు కొట్టి, సున్నంతో గీతలు గీసేవాళ్లం. జగిత్యాల, నిర్మల్, ఆర్మూర్ దిక్కు పిల్లలు, పంజాబీలు, బంగ్లా వాళ్లు, అందరూ ఆడేవారు. గెలిచిన క్యాంపుకు కప్పు, ఒక మేక.

నేను బాధ్యత తీసుకునేసరికి ఆ ఆట పాడైపోయి ఉంది. పక్కనున్న పైపుల కంపెనీ క్యాంపు మంచి ఆటగాళ్లందరినీ లాగేసుకుంది. గెలిచేది ఎవరో ముందే తెలుసు కాబట్టి చూడటానికి కూడా జనం రావడం మానేశారు. ఆటగాళ్లకు డబ్బు ఇచ్చి లాగుతున్నారని అందరూ అనేవారు. నేను వాకబు చేస్తే డబ్బు మాటే లేదు. మంచి రైడరు, అంటే కూతకు వెళ్లేవాడు, అనుకుంటే వాడికి కింది మంచం, నీడపట్టున తేలిక డ్యూటీ, సెలవులో అందరికన్నా ముందు వరుస. క్యాంపులో అసలు జీతం ఈ మూడే. వీటిని ఎవడూ లెక్క రాయడు, కాబట్టి ఎవడూ పట్టుకోలేడు.

పైపుల క్యాంపు బాస్ లింబాద్రి నాకు పాత స్నేహితుడు, ఆర్మూర్ దగ్గరివాడు. ఇద్దరం ఒకే గ్యాంగులో మంచెలు కట్టినవాళ్లం. నాలుగు క్యాంపుల బాసులను మా మెస్సులో చాయ్‌కి పిలిచి నేనొక రూలు చెప్పాను. ఆట మొదలైనప్పటినుంచి ఫైనల్ దాకా ఏ ఆటగాడికీ మంచం, డ్యూటీ, సెలవు వరుస తప్పి ఇవ్వకూడదు. చలికాలానికి ముందు ఏ క్యాంపులో పడుకున్నాడో ఆ క్యాంపుకే ఆడాలి. మధ్యలో కంపెనీ మారితే ఆ ఏడు ఎవరి తరఫునా ఆడకూడదు. ఒక బాసు ఇంకో క్యాంపులోకి ఏ రోజైనా వచ్చి మంచాలు చూసుకోవచ్చు.

అందరూ ఒప్పుకున్నారు. లింబాద్రి కూడా ఒప్పుకున్నాడు గానీ చాయ్ గ్లాసు కింద పెడుతూ నవ్వాడు.

“ఒప్పుకుంటగని బావా, ఈ రూల్ ముందుగాల నీ మెడకే పడ్తది సూడు.”

అన్నంత పనీ అయింది.

మా రైడరు మల్లేష్, నిర్మల్ దిక్కు పిల్లవాడు. కూతకు వెళితే ఒకణ్ణైనా తాకకుండా తిరిగొచ్చేవాడు కాదు. పనిలోనూ అంతే, స్కాఫోల్డింగ్‌లో చేయి తిరిగినవాడు. ఆట మొదలైన రెండో వారం వాడి గదిలో ముసలి కార్పెంటరు ఒకాయన ఇంటికి వెళ్లిపోయాడు. కింది మంచం ఖాళీ అయింది. వరుస ప్రకారం అది పోచయ్యది. పోచయ్య తాపీమేస్త్రీ, మోకాలు వాచి నిచ్చెన ఎక్కడానికి అవస్థపడేవాడు.

మా సైట్ ఇంజనీరుకు కబడ్డీ అంటే పిచ్చి. ఆ మంచం మల్లేష్‌కు ఇవ్వమని నాకు ఫోన్ చేశాడు. పిల్లవాడు సంతోషంగా ఉంటే కప్పు మనదే కదా అన్నాడు. రూలు చెప్పిందే నేను, నేనే ఎలా తప్పుతాను సార్ అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. విచిత్రం ఏమిటంటే పోచయ్య కూడా నా దగ్గరికొచ్చి అదే మాట అన్నాడు.

“తియ్ నర్సన్నా, పోరనికే ఇయ్యి. ఇన్నేండ్లు పైననే పన్న, ఇంకో రెండు నెలలు పంట. కప్పన్న వస్తది.”

“ఇయ్యాల నువ్వు ఇస్తనంటున్నవ్. రేపు ఇయ్యనోని దగ్గర గుంజుకుంటరు. పోయి పండు.”

ఆ సాయంత్రమే పోచయ్య తన భార్య పాత చీర ఒకటి తీసి మంచం చుట్టూ కట్టుకున్నాడు. మల్లేష్ పై మంచం మీద నుంచి అంతా చూశాడు. తర్వాత మెస్సులో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

“కాకా, ఆటకాడ నేను కావాలె, మంచంకాడ పోచయ్య కావాలె. గంతేనా?”

“గంతే రా.”

వాడు పళ్లెం పక్కకు నెట్టి లేచిపోయాడు.

తర్వాతి గురువారం సాయంత్రం డ్యూటీ బస్సు వచ్చాక గేటు దగ్గర నిలబడి ఉన్నాను. మల్లేష్ భుజాన బ్యాగు వేసుకుని వస్తున్నాడు.

“యాడికిరా, బ్యాగు తోని?”

“పైపుల క్యాంపుకు పోతున్న. దాసిపెట్టుడెందుకు, లింబాద్రన్న రమ్మన్నడు. ఇన్‌స్పెక్టర్ పని నేర్పిస్తరట.”

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మంచె కట్టేవాడు స్కాఫోల్డర్. కట్టిన మంచె ఎక్కడానికి పనికొస్తుందా లేదా అని చూసి, బాగుంటే దానికి పచ్చ ట్యాగు కట్టేవాడు ఇన్‌స్పెక్టర్. ఆ ట్యాగు లేని మంచె మీద ఎవరూ కాలు పెట్టకూడదు. బరువు మోసే చేతికీ, ట్యాగు కట్టే చేతికీ చాలా దూరం. మల్లేష్ ఆ పని కోసం ఎంత తపించేవాడో నాకు తెలుసు. అన్నం తినేటప్పుడు కూడా పైపులు బిగించే క్లాంపుల గురించే అడిగేవాడు.

“నఖల్ అయిందా?” అన్నాను. నఖల్ అంటే ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మన కాగితాలు మారడం.

“ఫైనల్ ఐనంక చేస్తరట. ముందుగాల అచ్చి ఉండుమన్నరు.”

“ట్యాగు లేని మంచె ఎక్కుతవారా?”

“ఎందుకు ఎక్కుత?”

“మరి కాగితం లేని కంపెనీకి ఎట్ల పోతున్నవ్?”

 పనికి రాకుండా ఇంకో కంపెనీలో పడుకుంటే మన కంపెనీ, ఈ మనిషి పారిపోయాడని రాస్తుంది. దాన్ని హురూబ్ అంటారు. హురూబ్ పడితే ఇకామా, అంటే ఆ దేశంలో ఉండటానికి ఇచ్చే కార్డు, చచ్చినట్టే. పని దొరకదు, ఇంటికి పోవడానికీ తిప్పలే. అలా పోయినవాళ్లను మల్లేష్ కూడా చూశాడు. అయినా వాడి ముఖంలో అనుమానం అలాగే ఉంది.

“నీ కప్పు పోతదని చెప్తున్నవ్ కాకా.”

“అట్లనే అనుకో. రేపు పొద్దుగాల నాతోని రా. లింబాద్రి ముంగటనే అడుగుదాం. ఆయన సక్కగ చెప్పిండనుకో, నీ బ్యాగు నేనే మోస్త.”

శుక్రవారం పొద్దున ఇద్దరం వెళ్లాం. లింబాద్రి తన ఆఫీసు గది ముందు కుర్చీ వేసుకుని గడ్డం గీసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి అద్దం పక్కన పెట్టాడు.

“ఏం బావా, పిలగాన్ని తీస్కొని సంబంధానికి అచ్చినవా?”

“అవ్ బావా. పిలగాన్ని ఇస్త. లగ్గం కాకముందే తోలియ్య. నఖల్ చెయ్యి, తీస్కపో.”

లింబాద్రి నవ్వు ఆగిపోయింది. మల్లేష్ వైపు చూశాడు, చేతిలో సబ్బు నురగ వైపు చూశాడు.

“ఇగో, అబద్ధం చెప్ప. కప్పు కావాల్నని మా ముదీర్, గా మేనేజర్ సాబ్, మోరెత్తుక తిరుగుతున్నడు.  వీనికి పని ఇస్తడా లేదా అని నేను అడుగలే. రూల్ ఎర్కనే, గని ఆటగాన్ని తెమ్మన్నడు, తెస్తున్న.”

“అంటే ట్రైనింగ్ లేదా అన్నా?” అన్నాడు మల్లేష్. 

“ఉండొచ్చు, లేకపోవొచ్చు. నాకు ఎర్కలేదు.”

అప్పుడు నేను లింబాద్రితో చెప్పాను. వీడి కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతుంది. మీ మేనేజరుకు వీడి చేతులు కావాలంటే ఇప్పుడే కాగితం పెట్టమను, మా ఆఫీసులో నేను మాట్లాడతాను. కానీ రూలు ప్రకారం ఈ చలికాలం వీడు ఆడడు, మీకూ ఆడడు, మాకూ ఆడడు. వీడి కాళ్లే కావాలంటే ఆ మాట కూడా చెప్పమను, పిల్లవాడు వింటాడు.

లింబాద్రి ముఖం కడుక్కుని చొక్కా వేసుకుని మేనేజరు దగ్గరికి వెళ్లాడు. ఆయన మొదట నవ్వి, ఆడనివాడు నాకెందుకు అన్నాడట. లింబాద్రి అక్కడితో ఊరుకోలేదు. వాళ్ల స్కాఫోల్డింగ్ సూపర్‌వైజరును పట్టుకుని, మంచి చేయి ఉంది, ఒకసారి చూడండి అన్నాడు. వాళ్లకు మనుషులు తక్కువగా ఉన్నారు. మల్లేష్‌తో చిన్న టవరు ఒకటి కట్టించి చూశారు. కింద బేస్ ప్లేట్ల నుంచి పైన మనిషి పడకుండా కట్టే అడ్డుపైపు దాకా ఎక్కడా వంక దొరకలేదట. ఆ తర్వాత నఖల్ అడుగుతూ మా కంపెనీకి కంప్యూటర్లో దరఖాస్తు వచ్చింది.

మా ఇంజనీరు నన్ను పిలిపించాడు. మన రైడరును మన చేత్తోనే వాళ్లకు ఇస్తావా అన్నాడు. కాంట్రాక్టు అయిపోయినవాణ్ణి ఆపి ఏం చేస్తాం సార్, పోయేటప్పుడైనా మంచి పేరుతో పంపుదాం అన్నాను. ఆయన సంతకం పెట్టించాడు గానీ ఫైనల్ దాకా నాతో మాట్లాడలేదు. మెస్సులో మావాళ్లు కూడా గొణిగారు. పోచయ్య ఒక్కడే నాకు రోజూ చాయ్ తెచ్చి ఇచ్చేవాడు.

ఫైనల్ మాకూ పైపుల క్యాంపుకే పడింది. గోడల మీద, నీళ్ల ట్యాంకుల మీద, బస్సుల టాపుల మీద కూడా జనం. అంత జనం రెండేళ్లుగా రాలేదు. మల్లేష్ కొత్త కంపెనీ చొక్కా వేసుకుని గీత పక్కన ఇసుకలో కూర్చున్నాడు. మావాళ్లు కొందరు వాణ్ణి ఆటపట్టించారు.

“ఏం అల్లుడా, అత్తగారింట్ల అన్నం మంచిగున్నదా?”

“ఉప్పు తక్కువున్నది, పంపియ్యున్రి,” అన్నాడు వాడు.

ఆట చివరికొచ్చేసరికి రెండు జట్లకూ సమానంగా ఉంది. అప్పుడు వాళ్ల రైడరు మడమ మెలితిరిగి కూలబడ్డాడు. కుర్చీలో కూర్చున్న వాళ్ల మేనేజరు లేచి, మల్లేష్‌ను దింపమని లింబాద్రికి సైగ చేశాడు. కాగితాలు మారాయి, ఇప్పుడు వాడు మనవాడే కదా, ఇంకేమిటి అడ్డం అని గట్టిగానే అడిగాడు. జనమంతా నా వైపు చూశారు. నేను నోరు తెరవలేదు. నేను అడ్డుపడితే అది నా క్యాంపు కోసం అవుతుంది, రూలు కోసం కాదు.

లింబాద్రి మేనేజరు ముందుకు వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సాబ్, యే ఇస్ సాల్ నహీ ఖేలేగా. హమ్‌నే జబాన్ దియా హై.”

వీడు ఈ ఏడు ఆడడు, మాట ఇచ్చాం అని. ఆ మనిషి చేతిలో లింబాద్రి ఉద్యోగం ఉంది.  మేనేజరు మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. వాళ్లు ఇంకొకణ్ణి దింపారు. వాడు మంచివాడే గానీ మల్లేష్ కాదు. చివరి కూతలో మావాళ్లు వాణ్ణి నడుము దగ్గర పట్టి ఆపారు. ఒక్క పాయింటుతో గెలిచాం.

మా ఇంజనీరు పరుగున వచ్చి నన్ను వాటేసుకున్నాడు. నేను ఆయన్ను విడిపించుకుని లింబాద్రి దగ్గరికి వెళ్లాను.

“రూల్ నా మెడకే పడ్డది బావా,” అన్నాడు.

“మీ ముదీర్ ఏమంటడో?”

“ఏమన్నంటే అననీ, ఖల్లీవల్లీ, పోనియ్. మేకకూర మాకు ఎక్కువ పెట్టు, బొక్కలు నువ్వు తిను.”

మేనేజరు ఏమీ అనలేదు. మరుసటి ఏడు పోటీలకు ఇసుక జల్లించడానికి తన మనుషులను తనే పంపాడు. ఫైనల్ అయిన మర్నాడు నేను రూలు ప్రకారం వాళ్ల క్యాంపుకు వెళ్లి మంచాలు చూశాను. మల్లేష్‌ది పై మంచమే, తలుపు పక్కన, ఏసీకి ఎదురుగా. నన్ను చూసి పైనుంచే చేయి ఊపాడు.

నేను ఉద్యోగం విరమించి ఇంటికి వచ్చేసిన తర్వాత వాడు ఒకసారి వీడియో కాల్ చేశాడు. చేతిలో పచ్చ ట్యాగుల కట్ట ఉంది. వెనక మంచం చుట్టూ దుప్పటి కట్టి ఉంది. వరుసలోనే వచ్చిందా అని అడిగాను. వరుసలోనే వచ్చింది, కావాలంటే లింబాద్రన్నను అడుగు అన్నాడు. సౌదీలోనే ఇంకో ఊరు హుఫూఫ్‌లో రెండు క్యాంపులు కూడా ఇప్పుడు ఈ రూలు మీదే ఆడుతున్నాయని కూడా వాడే చెప్పాడు.

ఆ చలికాలం నాకు తెలిసింది ఇది. ఆటగాడికి ఏమిస్తున్నారని అడిగితే ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు. వాడు ఎక్కడ పడుకుంటున్నాడో వెళ్లి చూడాలి. రూలు పెట్టినవాడు ముందు తన క్యాంపులో చూసుకోవాలి. ఆ తర్వాత అవతలివాణ్ణి నమ్మాలి.