ఆఖరి రీలుకు నేనిచ్చిన సాక్ష్యం

మా లారీల దళం మణిపూర్ కొండల్లోని మకాముకు చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. జపాను వాళ్లతో యుద్ధం నడుస్తున్న జూన్ నెల. నాలుగు రోజులుగా వాన. బంకరు కోసం గుంత తవ్వితే మోకాటి లోతు నీళ్లు ఊరాయి. మా మైదుకూరు పక్క బావి తవ్వినా అంత సులువుగా నీళ్లు పడవు.

మనిషికి రెండు కంబళ్లు, ఒక వానకోటు, ఒక రైఫిలు, యాభై తూటాలు. నా సంచిలో నూనెగుడ్డలో చుట్టిన బైబిలు. రోజూ ఉదయం అయిదున్నరకు సరుకుతో బయలుదేరాలి. లారీకీ లారీకీ మధ్య యాభై గజాలు. మూడింటికల్లా తిరిగి రావాలి. నాలుగు నుంచి అయిదు దాకా విశ్రాంతి. ఆ గంటలో మా బంకరులో సినిమాలు ఆడేవి.

తెర లేదు, యంత్రం లేదు. చూసినవాళ్లు చెప్పేవాళ్లు, తక్కినవాళ్లు తగువు పడేవాళ్లు. వంటవాడు కర్నూలు మనిషి, మూగ సినిమాల కాలంవాడు. వైర్‌లెస్ మనిషిది ప్రొద్దుటూరు, పాటలంటే ప్రాణం.

"మాటలొచ్చినాక సినిమా చెడిపాయప్పా," అనేవాడు వంటవాడు. "అప్పుడు ఏడుపు మొగంలో కనపడేది. ఇప్పుడు సచ్చేవాడు గూడా పాట పాడి సస్తాండాడు."

"నీ చెవులకు పాటలతో పనేముండాది?"

"నీ పెట్టె కంటే నా చెవులే మేలు. అది రెండు దినాల్నుంచి గుర్రుమంటాండాది."

నేను ఒక్క సినిమా కూడా చూసినవాణ్ణి కాను. ఊరూరా తిరిగే సినిమా గుడారంలో అడుగుపెట్టినవాడికి మా క్రైస్తవ సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గర చోటు ఉండేది కాదు. ఏ పక్షమూ లేనివాడినని నన్నే పెద్దగా కూర్చోబెట్టారు. పాస్టరప్పా అని పిలిచేవాళ్లు. నేనొక నియమం పెట్టాను. మా గుడిలో సాక్ష్యం చెప్పేవాడు లేచి నిలబడి, తాను కళ్లారా కన్నదే చెప్పాలి. ఇక్కడా అంతే. కప్పు తక్కువ ఎత్తు కాబట్టి అందరూ వంగి నిలబడి చెప్పేవాళ్లు.

రెండో నంబరు లారీ డ్రైవరుది బనగానపల్లె. సాయిబులు. తండ్రి మామిడితోటలు గుత్తకు తీసుకునేవాడు. కొడుకు చెప్పకుండా పట్టాళంలో చేరాడని, మళ్లీ ఈ గడప తొక్కొద్దన్నాడు. రెండేళ్లుగా వాళ్ల మధ్య ఉత్తరం లేదు. డ్రైవరు చెప్పేది ఎప్పుడూ ఒకే సినిమా.

"తండ్రి కొడుకును ఎల్లగొట్నాడు. శానా ఏండ్లకు కొడుకు రోగంతో వానలో తిరిగొచ్చినాడు. తలుపు కొట్నాడు. ఆడికే గాలి లేసి గుడారం చినిగిపాయ. తెల్లారి నేను పట్టాళానికొస్తి."

"తలుపు తీసినాడా లేదా?" అన్నాడు వంటవాడు.

"అదే కదప్పా నేను అడుగుతాండేది."

ఆ సినిమా మాలో ఇంకెవరూ చూడలేదు.

డిసెంబరులో నాకు ఇరవై ఎనిమిది రోజుల సెలవు దొరికింది. బయలుదేరేటప్పుడు డ్రైవరు నా సంచి పట్టుకొని లారీ దాకా వచ్చాడు. "ఆ బొమ్మ యాడన్నా ఆడతాంటే ఆఖరు చూసిరా పాస్టరప్పా. నీకు అబద్ధం రాదు. నువ్వు చెప్తే నమ్ముతా."

మైదుకూరులో అదే ఆడుతోంది. సాయంత్రం ఆటకు టికెట్టు కొన్నాను. ద్వారం దగ్గర గుడ్డ పైకెత్తాను. లోపల చీకటి. చిన్నప్పటి నుంచి విన్న ప్రసంగాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. టికెట్టు జేబులో పెట్టుకొని వెనక్కి తిరిగాను.

మకాముకు తిరిగొచ్చిన రోజు, నేను సంచి దించకముందే అతడు ఎదురొచ్చాడు.

"తీసినాడా?"

నిజం చెప్పాలనే వచ్చాను. అతడి ముఖం చూశాక నా నోరు వేరే దారి పట్టింది.

"తీసినాడు."

"అట్ల గాదు. లేసి నిలబడి చెప్పు."

బంకరులో వంగి నిలబడి చెప్పాను. తండ్రి తలుపు తీసి, కొడుకు మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడని, కొత్త బట్టలు తొడిగి విందు చేశాడని. అది సువార్తలో యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ. దేవుడి మాటే కదా చెప్పాను, అబద్ధమెలా అవుతుందని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

ఆ పూటే అతడు తండ్రికి నాతో ఉత్తరం రాయించాడు. పైన ఆ సినిమా పేరు. కింద రెండు ముక్కలు. "అబ్బా, నువ్వు ఈ సినిమాలో తండ్రి లాంటోడివి. నేను ఇంటికొస్తా."

పదకొండో రోజు ఉదయం ఏడుంబావుకు అతడి లారీ కింద మందుపాతర పేలింది. నేను యాభై గజాల వెనక మూడో లారీలో ఉన్నాను. నా పక్కనున్న వైర్‌లెస్ మనిషి పెట్టెలో చెప్పాడు. "రెండో నంబరు పోయింది. మనిషి ఒకడు." అటువైపు నుంచి అడిగారు. "దారి తెరిచి ఉందా?"

యుద్ధం ముగిశాక ఎర్రగుంట్లలో రైలు దిగాను. ఇంటికి పోకముందు బనగానపల్లె వెళ్లాను. తోట అంచున డ్రైవరు వాళ్ల ఇల్లు. గుమ్మానికి తలుపులు లేవు. రెండు రెక్కలూ ఊడదీసి గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీద కోళ్లు కూర్చున్నాయి.

"ఉత్తరం రాసింది నువ్వేనా?" అన్నాడు ముసలాయన, నేనెవరో చెప్పగానే.

"నేనే."

"సదివిచ్చుకొని, ఆ సినిమా చూసేదానికి నంద్యాలకు పోతి. నా జన్మకు అదొక్కటే చూసింది. ఆ తండ్రి తలుపు తీయలేదప్పా. తెల్లారి తీస్తే కొడుకు గడప మీద సచ్చిపోయి ఉండాడు." గోడకు ఆనించిన రెక్కల వైపు చెయ్యి చూపాడు. "ఇంటికొచ్చి తలుపులు ఊడబెరికినా. నెల తిరక్కుండా సర్కారు కాగితం వచ్చె. నా కొడుకు నన్ను ఆ మాదిరోడనుకుంటా పాయనా?"

లేచి నిలబడ్డాను. అక్కడ తల తగిలే కప్పు లేదు, అయినా వంగే ఉన్నాను. సినిమా చూడలేదని, ఆఖరు నేనే కల్పించానని చెప్పాను.

"నువ్వు చెప్పినదాంట్లో తండ్రి తీసినాడా?"

"తీసినాడు."

"వాడు నమ్మినాడా?"

"నమ్మినాడు."

ఇంకొకసారి చెప్పమన్నాడు. చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. బయలుదేరేటప్పుడు, తలుపులు బిగించి పోతానన్నాను.

"ఉండనీలేప్పా," అన్నాడు. "అలవాటైపాయ."

మా గుడిలో ప్రతి ఆదివారం సాక్ష్యాలకు పిలుస్తారు. పట్టాళం నుంచి దేవుడు క్షేమంగా తెచ్చాడు కదా, లేచి చెప్పమంటారు. నేను లేవను. కళ్లు మూసుకుంటే తలుపుల్లేని ఆ గుమ్మం కనిపిస్తుంది. అటొక కొయ్య, ఇటొక కొయ్య, నడుమ ఎండ.