లక్ష్మివారం

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, పంతులు ఉద్యోగం కోసం వచ్చి ఒక సత్రంలో పదిహేను రోజులకు పైగా పడి ఉన్నాను. ఆలూరు పక్క పల్లెలో పుట్టిన నాకు అదే పరదేశం. మద్రాసు నుంచి తరలివచ్చిన కచేరీలు డేరాల్లో కూర్చున్నాయి. వాటి వెంట వచ్చిన గుమాస్తాలకు ఇళ్లు దొరకక సత్రాలన్నీ నిండిపోయాయి. మా గదిలో ముగ్గురం. తలుపు పక్కన నేను, కిటికీ కింద విజయనగరం వైపు నుంచి వచ్చిన గుమాస్తా, మధ్యలో మా ఆలూరు వైపే ఇంకో పల్లె ముసలాయన. నల్లులు మాత్రం జిల్లా భేదం చూడలేదు.

పొద్దున్నే డేరాల చుట్టూ తిరగడం, ‘రేపు రా’ అనిపించుకోవడం, మధ్యాహ్నానికి తిరిగొచ్చి చాప మీద పడడం. నాలుగు రోజులకే ఉద్యోగం మీద ఆశ పోయింది. ఇంటికి పోవడానికి సిగ్గు మిగిలింది. ఆ విసుగులో ఎవరు పలకరించినా కసురుకునేవాణ్ణి.

గుమాస్తా మాటలు నాకు సగమే అర్థమయ్యేవి. నేను ‘యాడికి పోతాండారు?’ అంటే ఆయన నవ్వేవాడు, ఆయన ‘ఏటండీ’ అంటే నేను నవ్వేవాణ్ణి. మనసు మాత్రం వెన్న. ముసలాయన వచ్చిన పని తన కచేరీలోనే అని తెలిశాక, అర్జీ చదివి తప్పులు కూడా దిద్దిపెట్టాడు.

ముసలాయన వాళ్ల పేటలో నలభై ఇళ్లు, ఒక చర్చి ఉన్నాయి. బావి లేదు. ఆడవాళ్లు ఊరి బావి దగ్గర కడవలు పెట్టుకొని, ఎవరైనా దయతలచి తోడిపోసేదాకా ఎండలో దూరంగా నిలబడాలి. పేటకు సొంత బావి కావాలని అందరూ వేలిముద్రలు వేసిన ఆ అర్జీని ఆయన గుడ్డలో చుట్టి, పడుకునేటప్పుడు తల కింద పెట్టుకునేవాడు.

ఒక సోమవారం గుమాస్తాకు ఉండడానికి డేరా దొరికింది. ట్రంకుపెట్టె జట్కాలోకి ఎక్కించి, ముసలాయనతో, “లక్ష్మివారం పెందలాడే వచ్చీండి తాతా. ఆ రోజు ఆఫీసరుగారు బావుల జాబితా కడతారు. నేనే దగ్గరుండి లోపలికి పంపిస్తాను” అని చెప్పి వెళ్లిపోయాడు.

జట్కా పోయాక ముసలాయన నా దగ్గరకు వచ్చాడు.

“లక్ష్మివారమంటే ఏ వారమప్పా? మేమెప్పుడూ ఇన్లేదు.”

నేను ముఖం మీద తడి తువ్వాలు వేసుకొని పడుకొని ఉన్నాను. “లక్ష్మికి పూజ చేసేది ఏ వారం? శుక్రవారం గదా! ఆ మాత్రం తెలీదా పెద్దాయనా?” అన్నాను. తువ్వాలు కూడా తీయలేదు.

బేస్తవారం నాడు ఆయన తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, తలగుడ్డ చుట్టుకొని నిలబడ్డాడు. “ఒగ తూరి పోయి అడిగొస్తామా అప్పా? మనసు నిలుస్తా లేదు.”

“రేపు గదా పోవాల్సింది! ఈ ఎండకు ఊరికే తిరిగితే కాళ్లరిగేది మనకే.”

ఆయనకు చదువు రాదు, డేరాలన్నీ ఒకేలా ఉంటాయి, ఒంటరిగా పోలేడు. తలగుడ్డ విప్పి మళ్లీ కూర్చున్నాడు. నాకు వేరే పనేమీ లేదు. అలసట, అంతే. ఆ రోజంతా నిద్రపోయాను.

శుక్రవారం ఇద్దరం వెళ్లాం. గుమాస్తా మమ్మల్ని చూసి పరుగున బయటికి వచ్చాడు.

“నిన్న రాలేదేటి తాతా? నిన్నల్లా గుమ్మం కాడే చూశాను!”

“ఈ పొద్దు గదా లక్ష్మివారం?” అన్నాను నేను.

“లక్ష్మివారం నిన్న కదండీ! ఈ రోజు శుక్రవారం.” ఆయన తల పట్టుకున్నాడు. “జాబితా కట్టేశారు. ఆఫీసరుగారు అది పట్టుకొని రాత్రే వెళ్లిపోయారు. ఇంక వచ్చే ఏడే.”

మేము బేస్తవారం అనే గురువారాన్ని వాళ్ల వైపు లక్ష్మివారం అంటారట. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చస్తే, ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు చచ్చిందని మా అవ్వ అనేది. నాలాంటి అన్నీ తెలిసినవాడు తాను చావడు, పక్కవాడి పని చంపుతాడు. సిగ్గుతో నా ఒళ్లు చచ్చిపోయింది. ముసలాయన అర్జీ మళ్లీ గుడ్డలో చుట్టుకున్నాడు.

బస్సు దగ్గరకు తోడు వెళ్లాను. “మా ఆడోళ్లకు ఏమని చెప్పేదప్పా?” అని నన్నే అడిగాడు, ఇంకా నేనే తెలిసినవాణ్ణి అన్నట్టు.

“ఆఫీసరు రానే లేదని చెప్పు పెద్దాయనా.”

“అబద్ధమెట్ల చెప్పేది? వారం తప్పితిమని చెప్తా.”

నా ముఖం చూసినట్టున్నాడు, భుజం మీద చెయ్యి వేశాడు.

“నిన్నడిగితినని చెప్పన్లే. ముసలోనికి మతి తప్పిందని నన్నే నాలుగు తిట్టి, కడవలెత్తుకోని పోతారు. రేపో మాపో నువ్వు ఆ పక్కకే పంతులుగా వచ్చేవానివి, మా పిల్లోళ్లకు సదువు చెప్పాల్సినోనివి. వాళ్లమ్మలతో నిన్ను తిట్టిస్తే ఎట్లప్పా?”