లేడన్నా, ఇప్పుడే పోయిండు

నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో నా గేటు పక్కనే కరేబియన్ రెస్టారెంట్ ఒకటి ఉంది. అద్దాల బయట మంచు, లోపల ప్లాస్టిక్ కొబ్బరాకులు, స్పీకర్లోంచి సముద్రపు హోరు. మనుషులు తక్కువ, అలలు ఎక్కువ. మేకమాంసం కూర, అన్నం, అరటి ముక్కల వేపుడు, తాగడానికి ఒక రమ్ పంచ్ ఆర్డర్ చేశాను. డాలస్ ఫ్లైట్‌కి ఇంకా రెండు గంటలుంది.

డాలస్ పక్కన కాపెల్‌లో ఉంటున్న నా పాత రూమ్మేటుకి గుండె ఆపరేషన్ జరిగి వారమైంది. వాణ్ణి చూడటానికే ప్రయాణం. ఇక్కడే న్యూజెర్సీ పార్సిప్పనీలో ఆరుగురం నాలుగేళ్లు ఒకే కుక్కర్లో వండుకు తిన్నాం. వాడిది కరీంనగర్, నాది తెనాలి.

కూర వచ్చేలోగా వాడి తమ్ముడికి మెసేజ్ పెట్టాను. "అన్నయ్య ఇంకా హాస్పిటల్లోనేనా?"

ప్లేటూ జవాబూ ఒకేసారి వచ్చాయి. "లేడన్నా. ఇప్పుడే పోయిండు."

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

చావు కబురు విన్నాక ముద్ద ముట్టకూడదంటారు మా ఇంట్లో. నేను తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. చెయ్యి నాది కానట్టు, దాని పని అది చేసుకుపోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే భయమేస్తుంది. సర్వర్ పెద్దావిడ నా కళ్లు చూసి, మిరప సాస్ ఘాటు అనుకుందేమో, నవ్వుతూ మంచినీళ్లు తెచ్చిపెట్టింది.

రూమ్మేట్ల గ్రూపులో రాశాను. "మనవాడు ఇక లేడు. ఓం శాంతి. డీటెయిల్స్ తెలియగానే చెప్తాను." మిగతా నలుగురూ ఒకరి వెనక ఒకరు ఓం శాంతి పెట్టారు, దండాల బొమ్మలతో.

అప్పుడు గ్రూపులో పైన వాడి పేరు కనిపించింది. టైపింగ్ అని.

ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది. వాళ్లావిడేమోలే అని సర్దిచెప్పుకున్నాను. ఇంతలో ఫోన్ మోగింది. తెర మీద వాడి ఫొటో. చాలాసేపు మోగనిచ్చి ఎత్తాను.

"ఏం రా, నన్ను సంపినవా? ఇంటికి పోయిన రా! ఒకరోజు ముందే డిశ్చార్జ్ చేసిన్రు. తమ్ముడేమో ఫోన్ కార్ల ఇడిసి మందులు తేనీకి పోయిండు."

మా తెనాలిలో మనిషి లేడు, పోయాడు అంటే ఇంకో అర్థం ఉండదు. కరీంనగర్ వాళ్లకి పోవడమంటే వెళ్లడం. నాలుగేళ్లూ ఆ మాట మీదే వాణ్ణి ఆటపట్టించినవాణ్ణి, తీరా అసలు సమయానికి మర్చిపోయాను. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. అవతల వాడు నవ్వలేదు.

"అన్నీ చదివిన రా," అన్నాడు. "ఓం శాంతి, ఓం శాంతి. గంతే. నా గురించి ఒక్క ముక్క రాయలె ఎవ్వడు. నువ్వు గూడ."

సిగ్గుకన్నా ముందు భయమే వేసింది. పోయినవాళ్లెవరూ చూడలేనిది వాడు బతికుండగానే చూశాడు. ఆరేడు గంటల్లో నేను వాడి ఎదురుగా కూర్చోవాలి.