బావగారి ఒకటో వద్దు

మా బావగారు లిఫ్టు మెకానిక్కు. పదకొండు భవనాల లిఫ్టులు ఆయన చేతి చలవతోనే ఎక్కి దిగుతున్నాయి. తలుపు మూసుకునే చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేస్తాడు. ఇంత పనిమంతుడికీ ఒక్కటే లోపం. కంచం ముందు కూర్చున్నాడంటే ఆయన నోట ‘వద్దు’ తప్ప మరో మాట రాదు.

ఆ వద్దు నోటిదే గానీ కడుపుది కాదు. మా అక్క ఆ గుట్టు పెళ్ళైన వారానికే కనిపెట్టింది. ఆయన వద్దంటాడు. ఆవిడ గరిటెతో అక్కడే నిలబడి మళ్ళీ అడుగుతుంది. ఆయన కంచానికి చెయ్యి అడ్డం పెడతాడు. మూడోసారి అడిగేసరికి ఆ చెయ్యి దానంతటదే పక్కకి జరుగుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం ఇలాగే, ఏ మాటా అనుకోకుండా సాగిపోయింది.

నాలుగు నెలల క్రితం అక్క తన కూతురి పురిటికి సాయం వెళ్ళింది. మనవరాలు పుట్టింది, బోర్లా కూడా పడింది గానీ అక్క మాత్రం తిరిగి రాలేదు. ఇంట్లో బావగారూ, మా మేనల్లుడూ, కొత్త కోడలూ మిగిలారు. కోడలిది మందుల షాపులో ఉద్యోగం. చీటీలో రెండు మాత్రలని ఉంటే రెండే ఇస్తుంది. మామగారు “వద్దమ్మా” అంటే ఆ పిల్లకి వద్దనే అర్థం. గిన్నె మీద మూత పెట్టేస్తుంది. ఇక మేనల్లుడంటారా, వాడు ఫోన్లో తల దూర్చి తింటాడు. ఎదురుగా తండ్రికి బదులు వేరే ఎవరొచ్చి కూర్చున్నా వాడికి తెలియదు.

ఒకరోజు మా ఆఫీసు లిఫ్టు ఆగిపోయింది. తీసి ఉన్న తలుపులోంచి తొంగి చూద్దును కదా, కింద లిఫ్టు కప్పు మీద, పనిముట్ల సంచీ పక్కన బావగారు కూర్చుని బన్ను తింటున్నాడు. అది మూడోదని పక్కనున్న రెండు కాగితాలు చెబుతున్నాయి. నడుం బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త బెజ్జాలు కూడా రెండు కనిపించాయి.

“ఇదేంటి బావగారూ, ఇంట్లో పెట్టట్లేదా?”

“పెడుతుందోయ్, బంగారం లాంటి పిల్ల. కాకపోతే ఒక్కసారి అడిగి ఊరుకుంటుంది.”

“ఆకలేస్తోందని చెప్పొచ్చుగా!”

“కోడల్ని తిండి అడగమంటావా? ఇన్నాళ్ళూ పస్తు పెట్టానని తెలిస్తే ఆ పిల్ల ఎంత నొచ్చుకుంటుంది? నువ్వు నోరు జారావో, నా మీద ఒట్టే.”

ఒట్టు పడ్డాక ఏం చేస్తాను? తక్కిన సగం బన్ను నాకిచ్చాడు, నోరు మూసుకుని తిన్నాను.

ఆ వారమే కోడలు ఫోన్ చేసింది. “చిన్న మామయ్యగారూ, నా చేత్తో ఏది పెట్టినా మామయ్యగారు వద్దంటారు. నేనంటే గిట్టడం లేదేమో. నా షాపు దగ్గర ఒక ఇల్లు చూశాం. సోమవారంలోగా మాట చెప్పాలి. ఆదివారం ఆయన్ని కావలసినంత తినే సుషీ హోటల్‌కి తీసుకెళ్తున్నాం. అక్కడా తినకపోతే ఆయన తిండే అంత. తిన్నారనుకోండి, తేడా నా చేతిలోనే ఉన్నట్టు. మేం వెళ్ళిపోతాం. మీరూ రండి.”

నాకు నిద్ర పట్టలేదు. తింటే ఇల్లు విడిపోతుంది. తినకపోతే మనిషి బన్నులతో బతకాలి.

ఆదివారం మధ్యాహ్నం నలుగురం వెళ్ళాం. పెద్ద హాలు, చిన్న చిన్న బల్లలు, బల్లకో పలక లాంటి టాబ్లెట్టు. పరుగులాంటి నడకతో వచ్చిన సర్వరు అమ్మాయి ఒక్క ఊపిరిలో చెప్పింది. గంటన్నర టైము, కావలసిందల్లా టాబ్లెట్టులో నొక్కడమే, ఎన్నిసార్లయినా నొక్కొచ్చు, తెప్పించుకున్నది మాత్రం పారేయకూడదు.

కోడలు తలకి రెండేసి చొప్పున నొక్కింది. వేలెడంత అన్నం ముద్దల మీద చేప ముక్కలు పరుచుకుని వచ్చాయి. వాళ్ళిచ్చిన రెండు పుల్లలతో పట్టుకోబోతే నా ముద్ద జారి మంచినీళ్ళ గ్లాసులో మునిగింది. పారేయకూడదన్నారు కదా, అటూ ఇటూ చూసి తాగేశాను. బావగారు తన రెండింటినీ చేత్తోనే, కళ్ళు సగం మూసుకుని తిన్నాడు. ఖాళీ ప్లేటు వంక ఒకసారి చూశాడు.

“ఇంకా చెప్పనా మామయ్యగారూ?”

“వద్దమ్మా, చాలు.”

కోడలి మొహంలో హమ్మయ్య అన్నట్టు ఒక వెలుగు. నేను బల్ల కింద బావగారి కాలనుకుని తన్నాను. అది మేనల్లుడిది.

అంతలో బావగారి ముందున్న టాబ్లెట్టు టింగుమంది. ‘ఇంకేమైనా కావాలా?’ అని తెర మీద అక్షరాలు. ఆయన మర్యాదగా దానివైపు వంగి, ‘వద్దు’ మీద వేలు పెట్టాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురు చూస్తున్నట్టు కూర్చున్నాడు.

తెర నల్లబడింది. సర్వరు అమ్మాయి వచ్చి ప్లేట్లు తీసేసి, బల్ల తుడిచి, బిల్లు పెట్టి వెళ్ళింది. మేం వచ్చి ఇరవై నిమిషాలైనా కాలేదు.

“నాన్నా! ఏం నొక్కారు?” మేనల్లుడు మొదటిసారి ఫోన్లోంచి తల ఎత్తాడు.

“వద్దని నొక్కాన్రా. మళ్ళీ అడుగుతుంది కదా అని...”

“ఎవరు అడుగుతారు మళ్ళీ?” అంది కోడలు.

“మీ అత్తయ్యైతే మూడుసార్లు...” నాలుక్కరుచుకున్నాడు.

కోడలు డాక్టరు చేతిరాత చదువుతున్నట్టు ఆయన మొహంలోకి చూసింది.

“మామయ్యగారూ, ఇంట్లో మీరు వద్దన్నప్పుడల్లా?”

“ఒకటో వద్దు మర్యాదకమ్మా. రెండోది మొహమాటానికి.”

“మూడోది?”

“మూడోది నేనెప్పుడూ అనలేదు.”

ఒట్టు ఇక నిలవదనిపించింది. లిఫ్టు కప్పూ, బన్నులూ, బెల్టు బెజ్జాలూ కక్కేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఆ పిల్లకి కోపం వచ్చింది.

“నాలుగు నెలలండీ! నా వంట బాగోలేదని నేను కుమిలిపోతుంటే, మీరు లిఫ్టెక్కి బన్నులు తింటారా? నోరు తెరిచి ఒక్క మాట అనలేకపోయారా?”

“తప్పేనమ్మా.”

“నాకు చెప్పడం కాదు. వెళ్ళి ఆ అమ్మాయిని అడగండి. మీరే అడగాలి.”

బావగారు లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. కౌంటరు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి మా వంక చూశాడు. ఎవరం కదల్లేదు. చివరికి, హాలంతా వినపడేలా, ఎనిమిది మంది పట్టే లిఫ్టులో తొమ్మిదో మనిషి ఎక్కితే మోగే గంటలా ఆయన గొంతు మోగింది.

“అమ్మాయీ, పొరపాటున వద్దన్నాను. నాకు ఆకలిగా ఉంది!”

పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. సర్వరు అమ్మాయి నవ్వుతూ వచ్చి టాబ్లెట్టు మళ్ళీ వెలిగించింది. కోడలు మాత్రం తన ఫోన్ తీసి ఏదో రాసింది.

“ఎవరికి?” అన్నాడు మేనల్లుడు.

“మనం చూసిన ఇంటాయనకి. వద్దని.”

“ఒక్కసారి చెబితే సరిపోతుందా?” అన్నాను.

“ఆయనకి సరిపోతుందిలెండి,” అంది.

తర్వాత వచ్చిన ప్లేట్లు నేను లెక్కపెట్టలేదు. బావగారి నుదుటికి చెమట పట్టింది, బెల్టు ఒక బెజ్జం వెనక్కి వెళ్ళింది. చివర్లో కోడలు ఇంకో రెండు ముద్దలు ఆయన వైపు జరిపితే, అలవాటు చొప్పున చెయ్యి ప్లేటుకి అడ్డం వచ్చింది.

“వద్దమ్మా!”

కోడలు ప్లేటు అక్కడే పట్టుకుని అడిగింది. “ఇది ఎన్నోది మామయ్యగారూ?”

ఆయన సిగ్గుపడుతూ ఒక వేలు చూపించాడు.