ఇంటిపేరూ, అరకిలో ఉల్లిపాయలూ

ఇల్లు కొనడమంటే ఇంటి ధర కట్టడమే అనుకున్నాను. బెంగాలీ ఊళ్ళో, రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగువాడి తెలివి అంతవరకే పనిచేస్తుంది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా తాత ఉన్నది క్వార్టరే, మా నాన్న ఉన్నది క్వార్టరే, నేను కాపురం పెట్టిందీ క్వార్టర్లోనే. కుళాయి కారితే కంప్లైంటు పుస్తకంలో రాసేవాళ్ళం. మూడు నెలలకు ఒకాయన వచ్చి చూసి, కారుతోందని ఒప్పుకుని వెళ్ళిపోయేవాడు. దానికి ఫీజు లేదు.

వర్క్‌షాపులో నా రిటైర్మెంటు దగ్గరపడింది. క్వార్టరు ఖాళీ చేయాలి గనక సాలువా రోడ్డు వైపు రెండు గదుల ఫ్లాటు ఒకటి మాట్లాడుకున్నాను. నా పీఎఫ్ కొంత, మా ఆవిడ ఇరవై ఏళ్ళు ఇడ్లీ పిండి రుబ్బి అమ్మి కూడబెట్టింది కొంత. రెండూ కలిస్తే ధరకు సరిగ్గా సరిపోయింది. సరిగ్గా సరిపోయిందని పొంగిపోయాను కూడా.

ఆమె ఒక్కటే అడిగింది.

"కాగితం మీద నా పేరు కూడా ఎయ్యించండి."

"రెండో పేరు ఎయ్యాలంటే డబల్ ఖర్చు," అన్నాను.

"ఎవులు సెప్పినారు?"

"ఆఫీసులో సెప్పినారు."

ఏ ఆఫీసులోనూ ఎవరూ చెప్పలేదు. ఖర్చన్నది సాకు. మూడు తరాలుగా మాకు ఇంటిపేరు ఉంది గానీ ఇల్లు లేదు. గుమ్మం మీద ఎప్పుడూ క్వార్టరు నంబరే. ఆ ఇంటిపేరును, దాని వెనక నన్నొక్కడినే, రాతి మీద చూసుకోవాలని నాకో పిచ్చి. ఆమె పిండి రుబ్బిన ఇరవై ఏళ్ళు ఆ పిచ్చిలో నాకు కనబడలేదు.

ఫ్లాటుకు ఇంకా అడ్వాన్సే ఇచ్చాను, అప్పుడే వెళ్ళి పాలరాతి పలకకు ఆర్డరిచ్చాను. రాయి చెక్కే బెంగాలీ అన్నకు, మా ఊళ్ళో దాదా అంటాం, తెలుగు రాదు. కాగితం మీద ఎలా ఉంటే అలా చెక్కుతానన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీసి, పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. దాదా మాట మీద నిలబడ్డాడు. వారం తర్వాత పలక చేతికొచ్చింది. పైన మా ఇంటిపేరు, దాని వెనక నా పేరు, పక్కన 'గారి ఇల్లు'. కింద, అంతే అందంగా, 'ఉల్లిపాయలు అరకిలో'. అది మా ఆవిడ బజారుకని రాసిచ్చిన కాగితం. ఆమె దస్తూరీ ఒంపు కూడా పోకుండా దిగింది. పలకను గోనెసంచిలో చుట్టి మంచం కిందకు తోశాను.

ఆ తర్వాత ఫీజులు మొదలయ్యాయి. స్టాంపు డ్యూటీ అన్నారు, ధరలో ఇంత శాతమన్నారు, ఆ శాతం విన్నాక రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. వకీలు పాత రికార్డులు వెతికినందుకు సెర్చ్ ఫీజు అడిగాడు. ఏం దొరికిందన్నాను. ఏమీ దొరకలేదు, అదే మంచిదన్నాడు. ఏమీ దొరకనందుకు డబ్బిచ్చి, థాంక్స్ చెప్పి వచ్చాను. బిల్డరు ట్రాన్స్‌ఫార్మర్‌లో నా వాటా అడిగాడు. ఫ్లాటు కొలతలోనే మెట్లలో నా వాటా కూడా కలిసి ఉందని అప్పుడు తెలిసింది. ఎన్ని మెట్లు నావో లెక్క తేల్చుకుని, రెండో అంతస్తు దగ్గర నా వంతైన రెండింటి మీద కాసేపు కూర్చుని వచ్చాను. ప్రతిసారీ మా ఆవిడ దగ్గరికి వెళ్ళి ఇదే ఆఖరు అనేవాడిని. ఆమె పిండి డబ్బా వెనక నుంచి తీసిచ్చేది. తీసుకునేటప్పుడు కూడా నాకు సిగ్గు వేయలేదు.

దస్తావేజు రాసే ముహురీ రిజిస్ట్రీ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని కూర్చుంటాడు. బెంగాలీవాడే గానీ మా తెలుగువాళ్ళ గిరాకీ కోసం కొంత తెలుగు పట్టాడు. నా కాగితాలు పరిచి చూశాడు.

"దాదా, ఇందులో మీరు మూడు ఆద్మీ ఉన్నారు."

నిజమే. సర్వీసు పుస్తకంలో మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంది. పాన్ కార్డులో చివరికి పోయింది. ఆధార్‌లో ఇంటిపేరులోని 'వ' బెంగాలీ నోట పడి 'బ' అయింది. ముగ్గురూ ఒకడేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాలట. దానికీ ఫీజు. పైగా నన్ను ఎరిగినవాళ్ళొకరు సంతకం పెట్టాలి.

మర్నాడు ముహురీని వెంటబెట్టుకుని మా ఆవిడను నోటరీ దగ్గరికి తీసుకెళ్ళాను. నోటరీ బాబు కళ్ళజోడు మీంచి చూసి, ఈయన్ని ఎరుగుదువా అని హిందీలో అడిగాడు. ముప్ఫై ఏళ్ళు దాటిన కాపురం. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ముగ్గురిలో ఎవుల్ని?"

ముహురీ నవ్వి, మా ఆవిడను తన భాషలో వదినను చేసేశాడు. "బౌదీ కార్డులు చూడండి దాదా, ఎంత సాఫ్. అన్నిట్లో ఒకటే పేరు. దస్తావేజులో బౌదీ పేరు ఎందుకు లేదు?"

నేను కన్ను గీటాను. అతనికి తెలుగు వచ్చు గానీ సైగలు రావు.

"డబల్ ఖర్చంట కదా," అంది మా ఆవిడ.

"కే బోల్లో? ఎవరు చెప్పింది? రెండు పేరు, పది పేరు, స్టాంపు ఒకటే."

ఆమె కేకలేయలేదు. చేతిలో పెన్ను అలాగే పట్టుకుని ముహురీతో అంది.

"బాబుకి సెప్పు. పుస్తకంలో ఉన్నాయన నాకు తెలుసు. కార్డుల్లో ఉన్న ఇద్దరూ తెలుసు. ఆఫీసులో సెప్పినారన్న నాలుగో ఆయనెవులో నాకు తెల్దు."

ముహురీ దాన్ని ఉన్నదున్నట్టు బెంగాలీలోకి మార్చాడు. నోటరీ బాబు కంగారుపడి కాగితం వెనక్కి లాక్కున్నాడు. నాలుగోవాడు కూడా ఉంటే ముందే చెప్పాలి, మళ్ళీ టైపు చేయించాలి అన్నాడు.

"ఆఫీసోళ్ళు కాదు, నేనే సెప్పినాను," అన్నాను. "తప్పు నాదే."

"ఎందుకు?"

"రాయి సెక్కించేసినాను. నా పేరొక్కటే ఉండాలని."

"మంచం కింద గోనెలో ఉన్నదేనా?"

తల ఊపాను.

"నెలైంది సూసి. ఉల్లిపాయలు తెమ్మంటే రాయి తెచ్చినారేటని ఆ రోజే అనుకున్నాను. మీరే సెప్తారులే అని సూస్తన్నాను."

ముహురీ గొంతు సవరించుకుని, స్టాంపు ఇంకా కట్టలేదు దాదా, బౌదీ పేరు ఎక్కడ వేయమంటారు అన్నాడు.

"ముందు," అన్నాను. "నాది తరవాత."

అప్పుడు సంతకం పెట్టింది. నోటరీ బాబు నాలుగోవాడి కోసం ఇంకాసేపు చూసి, ముద్ర వేశాడు.

ఇప్పుడు దస్తావేజులో మొదటి పేరు ఆమెది, ఒక్క గీత కూడా అటూ ఇటూ లేకుండా. కింద నాది, మధ్యలో రెండు 'ఒరఫే'లతో, అంటే అలియాస్‌లతో. రిజిస్ట్రీ రోజు గుమాస్తా దాన్ని పైకి చదివితే వరసలో ఉన్నవాళ్ళందరూ ఏం దొంగతనం చేశాడో అన్నట్టు తిరిగి చూశారు. ఆ చూపుకు మాత్రం ఫీజు తీసుకోలేదు.

రాయి చెక్కిన దాదా పలకను వెనక్కి తీసుకోనన్నాడు. అది ఇప్పుడు మా వంటింట్లో బోర్లా ఉంది. దాని వీపు మీద ఆమె చపాతీలు ఒత్తుతుంది. ఉల్లిపాయలు అయిపోయిన రోజు నోటితో చెప్పదు. పలకను వెల్లకిలా తిప్పి పెడుతుంది. నేను చదువుకుని, సంచి తీసుకుని, నావైన రెండు మెట్లూ మిగతావాళ్ళ మెట్లూ దిగి బజారుకు వెళతాను.